పొలంలో ఇల్లు కడుతున్నారా? జేసీబీని పిలిచే ముందు వాలు చూసుకోండి

పై వీడియోలో మొదటి రెండు నిమిషాలు చూసినవాళ్లు ఈపాటికి అనుకునే ఉంటారు, "జీవామృతం, ఆచ్ఛాదన గురించి చెప్పాల్సిన చోట ఈ గోడ పగులు ఏంటి?" అని. ఆ గోడ మా పొలంలో షెడ్డుది. ఆ పగుల్లో నా నాలుగు వేళ్లు దూరతాయి. అది ఎందుకు వచ్చిందో, రాకుండా ఉండాలంటే కట్టక ముందు ఏం చూసుకోవాలో ఈ పాఠంలో మాట్లాడుకుందాం.

మాది ఎర్రనేల. పడమటి గట్టు ఎత్తు, తూర్పు గట్టు పల్లం. ఏడేళ్లు దుక్కి తగ్గించి, ఆకులు అలములు కప్పి, వాలుకు అడ్డంగా కందకాలు తీసి ఆ మట్టిని ఒక దారికి తెచ్చుకున్నాను. గడ్డపలుగు దిగని నేలలో చెయ్యి పెడితే వానపాములు తగిలేదాకా వచ్చింది. ఇంత చేసినవాణ్ణి, షెడ్డు కట్టాలనుకున్న రోజు మాత్రం అవన్నీ మర్చిపోయాను. గంటల లెక్కన జేసీబీని పిలిచాను. మూడు గంటల్లో వాలంతా కోసి బల్లలాగా చదును చేసి పెట్టాడు. వెనక పడమటి వైపు అయిదడుగుల మట్టి కోత, ముందు తూర్పు వైపు ఆ కోసిన మట్టితోనే పూడిక. చూడ్డానికి ఎంత బాగుందో! ఆ డ్రైవరుది తప్పేం లేదు, చదును చెయ్యమన్నది నేనే.

రెండో ఏడు అక్టోబరులో ఒక రాత్రి వాన పట్టుకుంది. పైనున్న ఎకరంన్నర నీళ్లు దిగొచ్చి ఆ కోత అంచు మీంచి నేరుగా షెడ్డు వెనక గోడకు తగిలాయి. కోసిన మట్టి నాని జారింది. లోపల మడమల దాకా బురద. విత్తనానికని దాచుకున్న వేరుశనగ, కొర్ర, కంది కలిపి పదకొండు బస్తాలు నానిపోయాయి. కొర్ర అయితే మా నాయన కాలం నుంచి వస్తున్న విత్తనం. తెల్లారేసరికి తూర్పు మూల కుంగి గోడ చీలింది. పక్క చేను పెద్దాయన వచ్చి, నిదానంగా చుట్టూ తిరిగి చూసి, "ఒరే నాయనా, ఆ నీళ్లు నీకంటే ముందు నుంచీ ఆడ పోతావుండాయి కదరా" అన్నాడు.

అక్కడ జరిగిన తప్పులు మూడు. ఒకటి, వాలును నిలువుగా కోస్తే పైనుంచి వచ్చే నీళ్లే కాదు, మట్టి లోపల ఊరుతూ వచ్చే నీళ్లు కూడా ఆ కోత దగ్గరే బయటపడతాయి. రెండోది, కోసిన చోట నేల గట్టిగా ఉంటుంది, పూడ్చిన చోట గుల్లగా ఉంటుంది. ఒకే గోడ సగం గట్టి నేల మీద, సగం గుల్ల మట్టి మీద నిలబడితే పూడిక కుంగినప్పుడు గోడ నడుము విరుగుతుంది. మూడోది నాకు ఇప్పటికీ బాధగా ఉండేది. ఏడేళ్లు పెంచుకున్న పైమట్టి ఆ పూడిక అడుగుకు పోయింది. దాన్ని మళ్లీ పైకి తేలేం.

ఇల్లు వేరు, పొలం వేరు అనుకోవడంతోనే ఇదంతా మొదలవుతుంది. పంట విషయంలో నేల చెప్పినట్టు వింటాం, కట్టడం విషయంలో నేలను మనం చెప్పినట్టు వినమంటాం. కట్టడాన్ని నేల వాలుతో, నీటి దారితో, చెట్లతో కలిపి కట్టే పద్ధతి ఒకటుంది. ఆర్కిటెక్టుల్లో దాన్ని బతుకంతా చేసి చూపించిన మనిషి లారీ బేకర్. ఆయన పని చాలా వరకు మనకు పక్కనే ఉన్న కేరళలో ఉంది కాబట్టి ఆయన దగ్గర నుంచే మొదలుపెడతాను.

బేకర్ 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చైనాలో రోగుల సేవ చేసి తిరిగి వెళ్తూ, ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశాడు. ఊళ్లో ఇల్లు ఎలా ఉండాలన్న మాట వచ్చినప్పుడు, ఆ ఇంటికి వాడే సామాను అంతా అయిదు మైళ్ల లోపల దొరికేదై ఉండాలని గాంధీజీ చెప్పిన మాట బేకర్ మనసులో పడిపోయింది. అయిదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లు. తర్వాత ఆయన మన దేశం వచ్చి, డాక్టరయిన భార్య ఎలిజబెత్‌తో కలిసి హిమాలయాల్లో పిథోరాగఢ్ దగ్గర చాలా ఏళ్లు ఉన్నాడు. అక్కడి కొండ ఇళ్లు చూసే తాను అసలు చదువు చదువుకున్నానని చెప్పుకునేవాడు. చివరికి తిరువనంతపురంలో స్థిరపడి, 2007లో చనిపోయేదాకా అక్కడే కట్టాడు.

ఆయన సొంత ఇల్లు నాలాంచిర అనే చోట రాతి కొండ వాలు మీద ఉంది. నీళ్లు సరిగా లేని, పెద్దగా ఏమీ మొలవని జాగా. మనమైతే 'ఇది పనికిరాదు' అని వదిలేసే చోటు. ఆయన ముందు ఒక చిన్న గది వేసుకుని, రాయి ఎక్కడ ఎలా ఉందో దాన్ని బట్టి గది పక్కన గది, మెట్ల మీద మెట్లు కలుపుకుంటూ పోయాడు. కొండను చదును చెయ్యలేదు. ఒక మైదానంలో కట్టిన ఇల్లయితే దాని పటం గీసి ఇంకో ఊళ్లో కట్టొచ్చు. ఇది మాత్రం ఆ కొండ మీద తప్ప ఇంకెక్కడా కుదరదు.

పెద్ద ఎత్తున ఆయన చేసింది చూడాలంటే అదే ఊళ్లో ఉళ్ళూరు దగ్గర ఉన్న సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ చూడాలి. ఆర్థిక పరిశోధన సంస్థ అది. చెట్లతో నిండిన వాలు నేల. గ్రంథాలయం పొడవాటి బురుజులా నిలబడి ఉంటుంది. ఆఫీసు గదులు, తరగతి గదులు మాత్రం వాలు ఎక్కడ ఒప్పుకుంటే అక్కడ, చెల్లాచెదురుగా ఉన్నట్టు కనిపిస్తాయి. వాటిని కలిపే నడవాలు పాములాగా మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతాయి. నేల ఎత్తు పెరిగితే నడవాలో మెట్టు వస్తుంది, చెట్టు అడ్డమొస్తే గోడే వంగుతుంది. గోడల్లో ఇటుకలు వదులుగా పేర్చి జాలీలు పెట్టాడు, గాలి వాటిలోంచి దూరి పోతుంది. ఇదంతా ఖర్చు పెట్టి చేసిన సోకు కాదు. ఆయనకు పేరొచ్చిందే తక్కువ ఖర్చుకు.

తక్కువ ఖర్చు ఇళ్ల మీద బేకర్ చేత్తో బొమ్మలు గీసి చిన్న చిన్న పుస్తకాలు వేశాడు. వాలు నేల గురించి అందులో ఆయన చెప్పిన సంగతులు మనకు సూటిగా పనికొస్తాయి. ఇంటి పొడవు వాలుకు అడ్డంగా, అంటే మనం కందకం తీసే గీత వెంబడి పెడితే తవ్వకం తక్కువ, పూడిక తక్కువ. మడుల్లా మెట్లు కట్టిన నేలైతే ఇంటిని మెట్టు అంచున కాకుండా నడిమధ్యన పెట్టాలి. అంచున పెడితే పునాది చాలా లోతు నుంచి లేపాలి. ఇంకోటి, పునాది తవ్విన మట్టిని బయటికి కాకుండా లోపలికి వేస్తే గచ్చు కింద నింపడానికి అక్కడే ఉంటుంది, రెండోసారి కూలి ఉండదు. వినడానికి ఎంత చిన్న సంగతి! నేను మూడు ఇళ్ల పనులు చూశాను, మూడింటిలోనూ మట్టి బయటికే వేశారు.

మొదటి సంగతిని లెక్క కట్టి చూద్దాం, ఎందుకంటే లెక్క చూస్తేనే నాకు నమ్మకం కుదిరింది. ఇల్లు 40 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు అనుకోండి. నేల పది అడుగులకు ఒక అడుగు దిగుతోంది. పొడవును వాలుకు అడ్డంగా పెడితే ఇంటి కింద వాలు 16 అడుగుల దూరమే, అంటే నేల తేడా అడుగున్నర పైచిలుకు. సగం కోసి సగం పూడిస్తే కోత ఎక్కడా పది అంగుళాలు దాటదు. తీసే మట్టి 128 ఘనపుటడుగులు. అదే ఇంటిని తిప్పి పొడవును వాలు వెంబడి పెట్టామా, తేడా 4 అడుగులు, కోత 2 అడుగులు, మట్టి 320 ఘనపుటడుగులు. అదే ఇల్లు, అదే నేల, అవే గదులు. తిప్పి పెట్టినందుకు రెండున్నర రెట్లు మట్టి పని. పూడిక ఎంత లోతైతే కుంగుబాటు అంత ఎక్కువ, అది వేరే.

ఏ కారణం చేతనైనా వాలు వెంబడే కట్టక తప్పదంటే ఇంటిని రెండు మెట్లుగా విడగొట్టండి. పై సగం ఒక ఎత్తులో, కింది సగం రెండడుగులు దిగువన. అప్పుడు 320 కాస్తా 160కి వస్తుంది. ఇంట్లో మూడు నాలుగు మెట్లు వస్తాయి, ముసలివాళ్లకు కొంచెం ఇబ్బంది. వాళ్లు ఉండే గది, బాత్రూము ఒకే ఎత్తులో వచ్చేలా చూసుకుంటే సరిపోతుంది.

వాలు గీత కనుక్కోవడానికి కొత్త సామాను ఏమీ అక్కర్లేదు. కందకాలకు వాడిన ఏ-ఫ్రేమే చాలు. రెండు కర్రలు, అడ్డకర్ర, దారానికి కట్టిన రాయి. అది లేకపోతే మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల పైపుతో చూడొచ్చు. ఇంటికి నాలుగు గూటాలు కొట్టే ముందు ఆ జాగాలో ఆరడుగులకు ఒకటి చొప్పున మూడు గీతలు ముగ్గుతో గీయండి. నేల ఎటు వంగుతోందో అప్పుడు కంటికి కనిపిస్తుంది. వట్టి కంటితో చూసి 'చదునుగానే ఉంది' అనుకున్న చోట నాకు రెండడుగుల తేడా వచ్చింది.

పైమట్టి సంగతి. కట్టే జాగాలో పైన ఉన్న ఆరు నుంచి తొమ్మిది అంగుళాల మట్టిని ముందు తీసి పక్కన కుప్ప పోసుకోండి. నీడ ఉన్న చోట, గడ్డి కప్పి, అప్పుడప్పుడు తడి చేస్తూ. మూడు నాలుగు అడుగుల ఎత్తు మించి పోయకండి, లోపల గాలి ఆడక మట్టి చచ్చిపోతుంది. ఇల్లు అయ్యాక ఆ మట్టి పెరటి మడులకు వాడుకోవచ్చు. గోడలకు, పూడికకు వాడాల్సింది దాని కిందున్న మట్టి. నిజానికి పైమట్టితో గోడ కడితే నిలబడదు కూడా, అందులోని ఆకు వేరు కుళ్లి గోడ గుల్ల అవుతుంది. గోడకు కావాల్సింది ఒకటి, పంటకు కావాల్సింది ఇంకొకటి. రెండూ ఒకే గుంతలో దొరుకుతున్నాయి, కలపకుండా తీసుకోవడమే మన పని.

ఇక నీళ్లు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లం ఇక్కడే ఎక్కువ తప్పు చేస్తాం.

ఇంటికి పైన ఎకరం నేల ఉందనుకోండి. ఒక రాత్రి 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఎకరం మీద పడిన నీళ్లు 2 లక్షల లీటర్లు. ఆచ్ఛాదన ఉండి మూడింట రెండు వంతులు ఇంకినా, మిగతా 67 వేల లీటర్లు ఇంటి మీదికి వస్తాయి. మనకు అలవాటైన మందు ఏంటి? కందకం తీసి ఇంకించడం. ఇంటికి పైన అలా ఇంకించారో, ఆ నీళ్లు మట్టి లోపల నుంచి నడిచొచ్చి పునాదిలో ఊరతాయి. గోడ అడుగున చెమ్మ, గచ్చు మీద తడి, విత్తనానికి బూజు. మా షెడ్డు పైన నేను తీసిన కందకం ఇదే చేసింది. ఆ రాత్రి వానకంటే ముందే గోడ అడుగు ఎప్పుడూ చల్లగా ఉండేది, 'ఆహా, ఎంత చల్లగా ఉందో' అని సంతోషపడ్డాను కూడా.

ఇంటికి పైన ఉండాల్సింది నీళ్లను మళ్లించే కాలువ, ఇంకించే కందకం కాదు. వెనక గోడకు పది పన్నెండు అడుగుల ఎగువన, నెలవంక ఆకారంలో, నడిమధ్యలో ఎత్తుగా ఉండి రెండు పక్కలకూ నీళ్లు జారేలా తీయాలి. వంద అడుగులకు ఒక అడుగు వాలు చాలు. ఎక్కువ వాలు పెడితే నీళ్లు కాలువను కోసేస్తాయి. అడుగున గరిక పట్టనివ్వండి, గట్టు మీద వట్టివేరు నాటండి. రెండు కొసలూ ఇంటిని దాటి దిగువకు వెళ్లి, అక్కడ మీ ఇంకుడు కందకాల్లో కలవాలి. అంటే నీళ్లను పోగొట్టుకోవడం లేదు, ఇంటిని దాటించి ఆపుతున్నాం. ఇల్లు ఏటి మధ్య రాయి అనుకుంటే, నీళ్లు దాని రెండు పక్కల నుంచి పోయి కింద కలుసుకుంటాయన్నమాట.

కప్పు మీద పడే నీళ్లు ఇంకో లెక్క. చూరుతో కలిపి కప్పు 800 చదరపు అడుగులంటే సుమారు 74 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అనంతపురం లాంటి వాన తక్కువ జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు అనుకున్నా 40 వేల లీటర్లు దాటుతుంది. పావు వంతు పోయినా 30 వేలు మిగిలాయి. జీవామృతం కలుపుకునే 200 లీటర్ల డ్రమ్ములు 150 నిండుతాయి. కప్పును ఒక పరీవాహక ప్రాంతం అనుకుని, తొట్టిని దాని దిగువన, జీవామృతం కలిపే చోటుకు ఎగువన పెట్టండి. మోటరు లేకుండా నీళ్లు దిగుతాయి. చాలామంది తొట్టిని ఖాళీ దొరికిన చోట పెట్టి ఆ తర్వాత బకెట్లతో మోస్తుంటారు.

ఎండ, గాలి గురించి చాలామంది చెప్పారు కాబట్టి క్లుప్తంగా. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద ఉంటాడు, కప్పును కాలుస్తాడు. గోడల్ని కాల్చేది పొద్దున, సాయంత్రం. అందులోనూ సాయంత్రపు ఎండ పడే పడమటి గోడ రాత్రి పది దాకా వేడి కక్కుతుంది. అందుకే ఇంటి పొడవు తూర్పు పడమరలుగా ఉండి, పొట్టి గోడలు ఆ రెండు వైపులకు రావాలంటారు. మంచి మాటే. కానీ మా నేల పడమర ఎత్తు, తూర్పు పల్లం. వాలుకు అడ్డంగా ఇల్లు పెడితే పొడవాటి గోడ సరిగ్గా పడమరకే వస్తుంది! వాలు ఒకటి చెప్తోంది, ఎండ ఇంకొకటి చెప్తోంది. ఎటు వినాలి?

నేను వాలు మాట విన్నాను. ఎండకు నీడ పెట్టొచ్చు, కోసిన నేలను మళ్లీ అతికించలేం. పడమటి వైపు ఆరడుగుల వసారా దించి, గదులకు ఆ వైపు చిన్న గవాక్షాలే పెట్టి, మళ్లింపు కాలువకు అవతల కానుగ, వేప వరుస వేశాను. చెట్లు ఎదిగేదాకా వేడి భరించాం, అబద్ధం ఎందుకు చెప్పాలి. మీ నేల ఉత్తరానికో దక్షిణానికో వాలి ఉంటే ఈ బాధ లేదు, రెండు మాటలూ ఒకటే అవుతాయి. రావి, మర్రి మాత్రం ఇంటి దగ్గరకు రానివ్వకండి, వేళ్లు పునాదిలోకి పోతాయి.

కొందరు మిత్రులు ఫోన్ చేసి, భూమి లోపలికి దిగి కట్టుకుంటే చల్లగా ఉంటుందట కదా అని అడుగుతున్నారు. ఉంటుంది. నాలుగైదు మీటర్ల లోతున మట్టి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు, ఆ ప్రాంతపు సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. ట్యునీషియాలో మత్‌మాతా దగ్గర నేలలో పెద్ద గుంత తవ్వి, ఆ గుంత గోడల్లో గదులు తొలుచుకుని బతికిన జనం ఉన్నారు. చైనాలో పసుపు మట్టి కొండల్లో గుహ ఇళ్లలో లక్షల మంది ఉన్నారు. కానీ ఆ రెండూ వాన తక్కువ ఉన్న చోట్లు, గోడలా నిలబడే మట్టి ఉన్న చోట్లు. మన దగ్గర నాలుగు నెలల వాన ఉంది.

ఎక్కడ దిగాలో, ఎక్కడ దిగకూడదో మన పెద్దలకు తెలుసు. పాతర గుర్తుందా? జొన్నలు దాచడానికి నేలలో తవ్విన గుంత. దాన్ని ఎక్కడ పడితే అక్కడ తవ్వేవాళ్లు కాదు. ఎత్తైన, నీళ్లు నిలవని, గట్టి మొరం నేల చూసి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, మూత పెట్టి మట్టి కప్పేవాళ్లు. అదే చేలో మంచె కూడా ఉండేది, నేలను తాకకుండా నాలుగు గుంజల మీద. ఒకే రైతు, ఒకటి నేలలోకి దింపాడు, ఒకటి నేల మీదికి లేపాడు.

నల్లరేగడి వాళ్లు అసలు దిగొద్దు. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిచ్చే మట్టి అది. ఏటా గోడను తోస్తుంది, వదులుతుంది. అక్కడ మామూలు పునాది కూడా నిలవక, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు అడుగున గడ్డలా ఉబ్బిన పైల్ పునాదులు తయారు చేశారు. లోతుకు వెళ్లి, కదలని పొరను పట్టుకుంటాయి. రేగడిలో చిన్న కొట్టం చాలనుకుంటే మంచె లాగా స్తంభాల మీద లేపడమే మేలు.

లేపి కట్టడంలో నాకు బాగా నచ్చింది శ్రీలంకలో దంబుల్లా దగ్గర కందలమ చెరువు ఒడ్డున ఉన్న హోటల్. జెఫ్రీ బావా అనే ఆర్కిటెక్టు కట్టాడు, 1994లో పూర్తయింది. మొదట సిగిరియ కొండ పాదం దగ్గర జాగా చూపిస్తే ఆయన వద్దని, దూరంగా ఈ రాతి గుట్టను ఎంచుకున్నాడు. కట్టడం కిలోమీటరు దాకా పొడవు. గుట్ట అంచు ఎలా వంపు తిరిగితే అలా తిరుగుతుంది. స్తంభాల మీద నిలబెట్టడం వల్ల రాతి మీద పడ్డ వాన నీళ్లు భవనం కింద నుంచే చెరువుకు పోతాయి. తీగలు, మొక్కలు కప్పేసి చెరువు అవతల నుంచి చూస్తే గుట్ట ఏదో హోటలు ఏదో తెలియదు. చెరువు పక్కన హోటల్ ఏంటని కట్టేటప్పుడు అక్కడి జనం గొడవ చేశారు, ఆ ప్రశ్న ఇప్పటికీ న్యాయమైనదే. నేను నేర్చుకున్నది నీళ్ల దారి వదిలిన తీరు మాత్రమే.

మన దగ్గరా ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు చుట్టిళ్లు. గుండ్రటి మట్టి గోడ, దాని మీద తాటాకు కప్పు, చూరు దాదాపు నేల దాకా దిగి ఉంటుంది. వంగితే గానీ లోపలికి పోలేం. తుఫాను గాలికి కొట్టుకోవడానికి మూల దొరకదు, పక్కనుంచి జారిపోతుంది. దిగిన చూరు మట్టి గోడను వాన తాకకుండా కాస్తుంది. ఇందులో ఇంకో లాభం. 400 చదరపు అడుగుల చదరపు గదికి చుట్టూ గోడ 80 అడుగులు కావాలి, గుండ్రంగా కడితే 71 అడుగులు చాలు. అంత తక్కువ మట్టి తవ్వితే సరిపోతుంది. అయితే తాటాకు నేసేవాళ్లు తగ్గిపోయారు, నిప్పు భయం ఉంది, కొన్నేళ్లకోసారి కప్పు మార్చాలి. ఊరికే పొగిడి ఊరుకుంటే లాభం లేదు. మేం గుండ్రంగా కట్టలేదు గానీ, చూరు కిందికి దించడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాం.

మా రెండో కట్టడం వీడియో చివర్లో చూస్తారు. దానికి జాగా వెతకడానికే ఒక వానాకాలం పట్టింది. వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని పొలమంతా తిరిగాను. నీళ్లు ఎక్కడ నడుస్తున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో గుర్తులు పెట్టుకున్నాను. పైభాగంలో ఒక రాతి తిప్ప ఉంది, నువ్వులు వేసినా మొలవలేదు అక్కడ. నీళ్లు దాని రెండు పక్కల నుంచి పోతున్నాయి. అంతకు ముందు షెడ్డు పెట్టింది పొలంలో అన్నిటికంటే మంచి మట్టి ఉన్న చోట, దారికి దగ్గరని. ఈసారి అన్నిటికంటే పనికిరాని చోట పెట్టాం. తిప్ప మీద తీసిన రాళ్లే పునాదికి సరిపోయాయి. గోడకు మట్టి మళ్లింపు కాలువ తవ్వినప్పుడు వచ్చింది. పెంకు పాత ఇంటిది. సిమెంటు ఇసుక బయటి నుంచే వచ్చాయి, కాబట్టి గాంధీజీ అయిదు మైళ్ల లెక్కలో నేను పూర్తిగా నెగ్గలేదు.

విత్తనం గది తూర్పు చివర ఉంది, అడుగున రాళ్ల పొర మీద. మూడు వానాకాలాలు గడిచాయి. లోపల బస్తా తడవలేదు. కొర్ర విత్తనం మాత్రం మళ్లీ మా నాయన విత్తనం కాదు. ఒక మిత్రుడు ఇచ్చింది వేసుకుంటున్నాం.

పాత షెడ్డు అలాగే ఉంది. కూల్చుదామంటే ఇంకో జేసీబీ రావాలి, మళ్లీ నేల కదలాలి. ప్రస్తుతానికి ఎగువ కందకం పూడ్చి మళ్లింపు కాలువగా మార్చాను, కోత గట్టుకు మూడు వరుసల వట్టివేరు నాటాను, లోపల పనిముట్లు మాత్రం పెడుతున్నాను. పగులుకు అడ్డంగా గాజు ముక్క అతికించి తేదీ రాశాను. పగులు ఇంకా పెరిగితే ముందు ఆ గాజు విరుగుతుంది. ఇప్పటికి విరగలేదు. ఈ అక్టోబరు వానలు అయ్యాక దాన్ని మళ్లీ వీడియోలో చూపిస్తాను.